ఇంజన్ విప్పే ముందు మన చేతుల్ని అడుగుదాం

మొన్న ఒక తమ్ముడు ఫోన్‌కి వీడియో పంపాడు. పన్నెండు సెకన్లు. స్టాండ్ మీద బండి, ఐడిల్‌లో ఇంజన్, కెమెరా మెల్లగా సిలిండర్ దగ్గరికి వెళ్తుంది. టకటకమని మోత. కింద ఒకే ప్రశ్న: "అన్నా, కన్‌రాడ్ పోయిందా?" పిస్టన్‌ను క్రాంక్‌కి కలిపే కడ్డీ అది; క్రాంక్ అంటే పిస్టన్ పైకీ కిందకీ ఆడితే తిరిగే ఇరుసు.

ఆ ఇంజన్ అతనే కట్టుకున్నాడు. నాలుగు నెలలు పట్టింది. బోర్ (సిలిండర్ లోపలి గుంత) కాస్త పెద్దది చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేశాడు, వాల్వులు సీట్లలో బిగువుగా కూర్చునేలా రాపాడించి లాపింగ్ చేశాడు, టైమింగ్ చైన్ మార్చాడు. మొదటిసారి స్టార్ట్ అయిన రోజు కూడా వీడియో పంపాడు. అందులో ఇంజన్ కంటే అతని కేకే ఎక్కువ వినిపించింది. ఇప్పుడు 140 కిలోమీటర్లు తిరిగాక ఈ మోత. నీలం పొగ కూడా మొదలైందట, పికప్ తగ్గిందట. రేపే ఇంజన్ దించి మొత్తం విప్పేస్తానన్నాడు.

"విప్పకు. స్టార్ట్ కూడా చెయ్యకు. ముందు నేనడిగేవాటికి జవాబు చెప్పు" అని రాశాను. అలా ఎందుకన్నానో ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ మోగితే ఏం అరిగిందని వెతకడం సబబే. నిన్న మొన్న కట్టిన ఇంజన్ మోగినప్పుడు మాత్రం మొదట వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. మనం ఏం ముట్టుకున్నాం? ఏది ఎలా బిగించాం? ఏది కొలవకుండా వేసేశాం? రీబిల్డ్ చేసిన ఇంజన్‌లో జబ్బు చాలాసార్లు ఆ పనుల్లోనే ఎక్కడో ఉంటుంది. ఆ లెక్క తేలేదాకా స్పానర్ పట్టుకోకూడదని నా వాదన. విప్పడం మొదలుపెట్టామంటే సాక్ష్యాన్ని మన చేత్తోనే చెరిపేస్తూ పోతాం.

నా బండికి జరిగింది

కొన్నేళ్ళ క్రితం నా సింగిల్ సిలిండర్ బండికి పై భాగమంతా కొత్తగా కట్టాను. 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్, దాని చుట్టూ కొత్త రింగులు, అతుకుల మధ్య కొత్త ప్యాకింగులు. అరవై కిలోమీటర్లు హాయిగా నడిచింది. ఆ తర్వాత ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడుగు నుంచి ధన్ ధన్‌మని దెబ్బలు మొదలయ్యాయి. రేజ్ ఇస్తే తగ్గుతాయి, ఐడిల్‌కి వస్తే మళ్ళీ మొదలు.

తెలిసినవాళ్ళు ముగ్గురికి వినిపించాను. ఒకరు కన్‌రాడ్ బేరింగ్ అన్నారు. ఇంకొకరు బోర్ లూజుగా చేశారు, పిస్టన్ కొట్టుకుంటోంది అన్నారు. మూడో ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన కేసింగ్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నారు. మెయిన్ బేరింగ్ అన్నారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్ళే. ముగ్గురు చెప్పిందీ తప్పే.

ఆ రాత్రే ఆయిల్ దించేసి, పాత ఆయిల్ డబ్బాలో కలిపేశాను. ఫిల్టర్ పారేశాను. సిలిండర్ పై మూతైన హెడ్ తీశాను, సిలిండర్ బ్లాక్ ఎత్తాను. కన్‌రాడ్ పట్టుకుని పైకీ కిందకీ లాగి చూశాను. ఇసుమంత ఆట లేదు. పిస్టన్ పక్కన మాత్రం నాలుగైదు సన్నని నిలువు గీతలున్నాయి, గోటికి తగిలీ తగలనట్టు. బోర్ గోడను రాయితో రాపాడించే హోనింగ్ అయ్యాక బోర్ సరిగ్గా కడగకపోతే మిగిలే రాతిపొడి వల్ల పడ్డాయా, ఇప్పుడు తొందరలో బ్లాక్ ఎత్తేటప్పుడు పైనుంచి రాలిన మసి వల్ల పడ్డాయా? ఆయిల్ ఉంటే తేలిపోయేది. ఫిల్టర్ ఉంటే తేలిపోయేది. రెండూ నా చేత్తోనే పారేశాను కాబట్టి అది ఇక తేలలేదు.

మళ్ళీ కొత్త రింగులు, కొత్త ప్యాకింగులు వేసి కట్టాను. స్టార్ట్ చేశాను. అదే ధన్ ధన్.

అసలు సంగతి పక్క కవర్ కింద ఉంది. కరెంటు పుట్టించే మాగ్నెట్ చక్రాన్ని క్రాంక్ కొసకు పట్టి ఉంచే నట్టు వదులైంది. క్రాంక్ ఆ కొస దగ్గర సన్నబడుతూ పోతుంది. నట్టు బిగువుగా ఉంటేనే మాగ్నెట్ దాన్ని కరుచుకుని ఉంటుంది. బిగువు పోతే అంత బరువైన చక్రమూ తన గూట్లో ఇటూ అటూ కొట్టుకుంటుంది. ఐడిల్‌లో ప్రతి పేలుడుకీ క్రాంక్ ఒక్క కుదుపు కుదుపుతుంది కాబట్టి మోత అక్కడే ఎక్కువ, రేజ్ ఇస్తే సర్దుకుంటుంది. వినడానికి అచ్చం కన్‌రాడ్ దెబ్బే.

అది ఎందుకు వదులైందో అర్థమయ్యాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. వాల్వ్ టైమింగ్ కుదిర్చేటప్పుడు క్రాంక్ తిప్పడానికి ఆ నట్టుకే స్పానర్ వేశాను. గుర్తు దాటిపోయినప్పుడల్లా వెనక్కి తిప్పాను. వెనక్కి తిప్పిన ప్రతిసారీ నట్టును విప్పుతున్నట్టే. కవర్ మూసే ముందు ఒక్కసారి బిగువు కొలిచే టార్క్ రెంచి పెట్టి చూసుంటే రెండు వారాల పని, ఒక రింగుల సెట్టు, ఒక హెడ్ ప్యాకింగ్ మిగిలేవి. నేను చేసిన తప్పును నేను ముట్టుకోని కన్‌రాడ్‌లో వెతికాను.

ఎందుకలా వెతికానని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మన చేతిమీద అనుమానం రావడానికి మనసు ఒప్పుకోదు. బేరింగ్ పోయిందంటే అది బేరింగ్ తప్పు. నట్టు వదులైందంటే అది మన తప్పు. అందుకే టెన్షన్‌లో ఉన్నప్పుడు బుద్ధి పెద్ద రోగాల వైపు పరిగెత్తుతుంది, చిన్న నట్టు వైపు చూడదు.

చెవి ఎంతవరకు

మోత విని రోగం చెప్పడం మెకానిక్‌లకు గొప్ప విద్యే. నేను తీసిపారేయను. ముప్ఫై ఏళ్ళుగా ఒకే మోడల్ ఇంజన్లు విప్పుతున్న మనిషి చెవికి తెలిసేది నాకు ఏ గేజీతోనూ తెలియదు. కానీ ఆ చెవి తర్ఫీదైంది ఎక్కువగా అరిగిన ఇంజన్ల మీద. ఏ భాగం ఎలా అరిగితే ఎలా మోగుతుందో దానికి తెలుసు. రీబిల్డ్‌లో దొర్లే తప్పులకు అలాంటి ఒక తీరు ఉండదు.

ఒక్కసారి లెక్క చూడండి. 1,200 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ సెకనుకు 20 చుట్లు తిరుగుతుంది, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ అందులో సగం, 10 చుట్లు. "క్రాంక్ వేగంతో మోగితే కింద జబ్బు, సగం వేగంతో మోగితే హెడ్‌లో జబ్బు" అని అందరం చెప్పుకుంటాం. సెకనుకు పది దెబ్బలా ఇరవై దెబ్బలా అన్నది చెవితో లెక్కపెట్టగలిగేవాళ్ళు ఎందరు? పైగా ఫోర్ స్ట్రోక్‌లో పేలుడు రెండు చుట్లకు ఒకసారే జరుగుతుంది. ఆ పేలుడు దెబ్బకు అదిరేది కన్‌రాడ్ అయినా సరే, గట్టి దెబ్బ సగం వేగంతోనే వినపడొచ్చు. ఇక ఫోన్ వీడియో సంగతి సరేసరి. ఫోన్ మైకు అడుగు శబ్దాలను సరిగ్గా అందుకోదు, గట్టి శబ్దాన్ని తనంతట తానే తగ్గిస్తుంది, చిన్నదాన్ని పెంచుతుంది. వీడియోలో అన్ని ఇంజన్లూ కుట్టుమిషన్‌లాగే మోగుతాయి.

మోతలో నేను ఇప్పటికీ గమనించేవి రెండే. క్లచ్ లివర్ నొక్కితే మారిందా? మారితే క్లచ్ వైపు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి వేడెక్కాక తగ్గిందా? తగ్గితే పిస్టన్‌కీ బోర్‌కీ మధ్య సందు గురించి ఆలోచించాలి. పిస్టన్ చేసే అల్యూమినియం బోర్ ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, వేడికి పిస్టన్ ఉబ్బి ఆ సందు తగ్గుతుంది.

ఇంకో మాట. ఇంజన్ నడిపితే తప్ప మోత తెలియదు. లోపల నిజంగా ఏదైనా పాడవుతుంటే నడిపే ప్రతి నిమిషం దాన్ని ఇంకా పాడుచేస్తుంది. అందరికంటే తక్కువ చెప్పే సాక్షి కోసం అందరికంటే ఎక్కువ నష్టపోతున్నామన్నమాట.

స్టార్ట్ చెయ్యకుండానే

ఆయిల్‌తో మొదలుపెడతాను. శుభ్రమైన తెల్ల పళ్ళెంలోకి దించాలి, మెల్లగా, ఆఖరి చుక్క దాకా. అడుగున మిగిలేదే మనకు కావలసింది. ఫిల్టర్ కాగితాన్ని బ్లేడుతో కోసి, మడతలు విప్పి, ఆయిల్ పిండేసి తెల్లగుడ్డ మీద పరిచి, పక్కనుంచి టార్చి వేయాలి. తలమీంచి వేస్తే ఏమీ కనపడదు, పక్కనుంచి వేస్తేనే మెరుపు తెలుస్తుంది. కొత్తగా కట్టిన ఇంజన్ మొదటి ఆయిల్‌లో కాస్త బూడిదరంగు పొడి రావడం సహజం. రింగులు, బోర్ ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు అంత రాలుతుంది. వేళ్ళ మధ్య రుద్దితే గరగరలాడకూడదు. పొలుసులు కనపడితే, గరుగ్గా తగిలితే అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకుంటే ఇనుమో ఉక్కో, అంటుకోకుండా తెల్లగా మెరిస్తే అల్యూమినియం, అంటే పిస్టనో కేసింగో. బంగారు రంగులో ఉంటే ఏదో బుష్. ఈ ఒక్క గుడ్డతో అనుమానాల్లో సగం తీరిపోతాయి.

తర్వాత టాపెట్లు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండే సందు. బిగించినప్పుడు ఎంత సందు పెట్టామో, ఇప్పుడు ఎంత ఉందో చూడాలి. ఇది ఎంత చెప్పగలదో ఇంకో మిత్రుడి ఇంజన్ చూసేదాకా నాకూ తెలియదు. అతను 0.10 మి.మీ. పెట్టి బిగించాడు. రెండు వందల కిలోమీటర్ల తర్వాత ఎగ్జాస్ట్ వైపు 0.25 ఉంది. లాక్ నట్టు సరిగ్గా బిగించలేదేమో అనుకుని మళ్ళీ సరిచేశాడు. వంద కిలోమీటర్లకు మళ్ళీ పెరిగింది. సందు తగ్గుతూ పోతే వాల్వు తన సీటులోకి దిగుతోందని అర్థం. పెరుగుతూ పోతే క్యామో, రాకర్ ముఖమో అరుగుతోంది. కొత్త క్యామ్ 300 కిలోమీటర్లలో ఎందుకు అరుగుతుంది? అతను క్యామ్ నాసిరకం అన్నాడు. నేను "కవర్లకు పేస్ట్ ఏం రాశావు?" అని అడిగాను.

ఎర్ర సిలికాన్. ధారాళంగా రాశాడు, ఆయిల్ కారకూడదని. బిగించినప్పుడు బయటికి ఎంత పొంగుతుందో లోపలికీ అంతే పొంగుతుంది. బయటిది తుడిచేస్తాం, లోపలిది ఆయిల్‌లో నాని, ఊడి, పంపు లాగే దారిలో పడుతుంది. ఆయిల్ జల్లెడ కవర్ ఒక్కటి విప్పాం. జల్లెడకు అడ్డంగా వానపాములా సాగిన ఎర్ర ముక్క, దాని పక్కన ఇంకా చిన్నవి రెండు మూడు. జల్లెడ సగానికి పైగా మూసుకుపోయింది. పంపుకి హెడ్ చాలా దూరం, ఆయిల్ తగ్గితే ముందు ఎండేది క్యామే. పైన రాకర్ కవర్ తీసి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వును తెరిచే క్యామ్ ముక్కు కొస బల్లపరుపుగా అయిపోయింది. ఇంజన్ దించలేదు, కేసింగ్ విడదీయలేదు. ఒక ఫీలర్ గేజీ (సందు కొలిచే సన్నటి రేకులు), ఒక ప్రశ్నతోనే అక్కడికి చేరాం.

కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో ప్లగ్ రంధ్రానికి గేజీ పెట్టి కొలవడం గురించి చాలామందికి తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ముల్లు ఆగేదాకా కిక్ కొట్టాలి. ఒక చెంచా ఆయిల్ ప్లగ్ రంధ్రంలో పోసి మళ్ళీ కొట్టాలి. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో, హెడ్ ప్యాకింగో. కిక్ తేలికయ్యేలా వాల్వును కాస్త తెరిచి ఉంచే ఆటోమేటిక్ డీకంప్రెసర్ ఉన్న ఇంజన్లలో మొదటి అంకె తక్కువే వస్తుంది, దాన్ని చూసి భయపడకూడదు. వీలుంటే ప్లగ్ రంధ్రంలోంచి గాలి కొట్టి లీకు కూడా చూడాలి, పిస్టన్ టాప్‌లో రెండు వాల్వులూ మూసుకుని ఉన్నప్పుడు. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బ్యురేటర్ వైపు వినపడితే ఇన్‌టేక్, ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు. పిస్టన్ సరిగ్గా టాప్‌లో లేకపోతే ఆ గాలికి క్రాంక్ గిర్రున తిరుగుతుంది. అప్పుడు స్పానర్ దానిమీదే ఉంటే చెయ్యి విరుగుతుంది.

నా వాదనకు నా అభ్యంతరాలు

"అనుమానం తీరాలంటే విప్పడమే శరణ్యం, ఆలస్యం చేస్తే క్రాంక్ కూడా పోతుంది" అంటారు. ఇందులో నిజముంది. గుడ్డ మీద పొలుసులు కనిపిస్తే నేనూ విప్పమనే చెప్తాను. ఇంజన్ పట్టేస్తే విప్పడం తప్ప దారి లేదు. నేను అడ్డుపడేది ఏమీ చూడకుండా విప్పడానికి మాత్రమే. స్టార్ట్ చెయ్యకుండా చేసే పరీక్షలకు ఒక రోజు పడుతుంది, ఆగి ఉన్న ఇంజన్ ఆ ఒక్క రోజులో ఏమీ పాడవదు.

రెండోది కొంచెం బరువైన అభ్యంతరం. ముట్టుకోని భాగం కూడా రీబిల్డ్ వల్లే పోవచ్చు. పాత క్రాంక్ మీద కొత్త పిస్టన్, కొత్త రింగులు పెట్టామనుకోండి. నీరసపడిన ఇంజన్‌లో ఏళ్ళ తరబడి మెల్లగా నెట్టుకొచ్చిన కన్‌రాడ్ బేరింగ్ మీద ఒక్కసారిగా పూర్తి కంప్రెషన్ బరువు పడుతుంది. కొన్ని వందల కిలోమీటర్లలో మోగడం మొదలవుతుంది. అప్పుడు "ఏం అరిగింది" అన్న ప్రశ్నే సరైనది కదా? ఇక్కడ నేను కొంత వెనక్కి తగ్గాల్సిందే. అయితే బ్లాక్ ఎత్తి ఉన్నప్పుడు కన్‌రాడ్‌ను పైకీ కిందకీ లాగి చూశామా, చూస్తే ఎంత ఆట ఉంది అన్నది మళ్ళీ మనం చేసిన పనుల లెక్కలోకే వస్తుంది.

మూడోది, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది. ఇంజన్ కట్టింది మనం కాకుండా మెకానిక్ అయితే, "ఏం చేశారు" అని అడగడం నింద వేసినట్టే వినిపిస్తుంది. ఆయన ఆ నెలలో ఎన్నో ఇంజన్లు కట్టి ఉంటాడు, మన రింగు ఏ వైపు పెట్టాడో ఎలా గుర్తుంటుంది? నేనిప్పుడు పని మొదలవకముందే ఒక కాగితం ఇచ్చి, "కొలిచినవి దీనిమీద రాసి పెట్టండి, నాకోసం" అంటున్నాను. కొందరు నవ్వుతారు. ఒకాయన మాత్రం పిస్టన్ సందు, రింగ్ గ్యాప్, టాపెట్ సందు, హెడ్ బోల్టుల టార్క్ వరసగా రాసిచ్చి, ఆఖర్న "ఆయిల్ పంపు ప్రైమ్ చేశాను" (స్టార్ట్‌కి ముందే పంపులో ఆయిల్ నింపడం) అని కూడా రాశాడు. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది.

"కొత్త పార్టే కదా, సైజు సరిగ్గానే ఉంటుంది" అంటారు మరికొందరు. దానికి జవాబు కింద తమ్ముడి ఇంజన్‌లోనే ఉంది.

తమ్ముడి జవాబులు

అతనికి చెప్పినవన్నీ ఓపిగ్గా చేశాడు. క్లచ్ నొక్కినా మోత మారదని ముందే గమనించాడట. ఆయిల్ దించి గుడ్డ ఫోటో పంపాడు: బూడిదరంగు పొడి, మధ్యలో అయస్కాంతానికి అంటుకునే నల్లటి నలుసులు. బంగారు రంగు లేదు. టాపెట్లు పెట్టినచోటే ఉన్నాయి. కంప్రెషన్ 80 పీఎస్ఐ, చెంచా ఆయిల్ పోశాక 125.

రింగులు. ఏ కాస్త అనుమానం ఉన్నా ఆ పెరుగుదలతో పోయింది. రెండో రింగు తిరగేసి వేసుంటాడనుకున్నాను. కొన్ని రింగులకు ఒక వైపు ఏటవాలు ఉంటుంది, గుర్తు పైకి ఉండేలా వేయాలి. తలకిందులైతే ఆయిల్‌ను కిందకి గీకాల్సింది పైకి లాగుతుంది, నీలం పొగ వస్తుంది. అడిగాను. వేసేటప్పుడు తీసిన ఫోటో పంపాడు. గుర్తులు పైకే ఉన్నాయి. నా ఊహ తప్పు.

"మరి రింగ్ గ్యాప్ ఎంత వచ్చింది?"

కాసేపు జవాబు లేదు. తర్వాత, "అది కూడా చూడాలా అన్నా? సెట్టు కొత్తదే కదా."

అతని బోర్ 70 మి.మీ. రింగును బోర్‌లో పెడితే రెండు కొసల మధ్య సుమారు 0.28 మి.మీ. సందు మిగలాలి, వేడికి రింగు సాగడానికి. ఓవర్‌సైజ్ సెట్లలో ఒక్కోసారి ఆ సందు తక్కువగా వస్తుంది, సన్నటి ఆకురాయితో కొస రాపాడించి కుదుర్చుకోవాలి. లేకపోతే వేడెక్కినప్పుడు రెండు కొసలూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి, సాగడానికి చోటు లేక రింగు బోర్‌ను ఒరుసుకుంటుంది.

అప్పుడు విప్పమన్నాను. ఇంజన్ ఫ్రేమ్‌లోనే ఉంది, హెడ్, బ్లాక్ మాత్రమే పైకి వచ్చాయి. సాయంత్రానికి ఫోటో వచ్చింది. అరచేతిలో పై రింగు, రెండు కొసలూ పాలిష్ పట్టినట్టు మెరుస్తున్నాయి. రింగును బోర్ అడుగున, అరగని చోట పెట్టి చూస్తే 0.10 ఫీలర్ దూరలేదట. బోర్ మీద పైనుంచి సగం దాకా రెండు గీతలు, గోటికి తగులుతున్నాయి. మళ్ళీ బోర్ చేయించక తప్పదు.

కన్‌రాడ్ పైకీ కిందకీ లాగి చూడమన్నాను. ఆట లేదు. అతన్ని అంత భయపెట్టిన ఆ టకటక మాత్రం ఎగ్జాస్ట్ పైపు హెడ్‌ను కలిసే చోటు నుంచి వస్తోంది. ప్యాకింగ్ సరిగ్గా కూర్చోక, ఒక పక్క ఇంజన్‌ను చల్లబరిచే రెక్కల (ఫిన్ల) మీద వేలెడంత మసి చార పడింది. వీడియోలో ఎనిమిదో సెకను దగ్గర ఆపి చూస్తే అది కనిపిస్తోంది.